ఎలుగుకొండ మీద అబద్ధపు రాళ్లు

జేఠులి దేవి పొద్దున్నే ఊట దగ్గరికి వెళ్లి, డబ్బా ముంచబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. నీళ్లలో తెల్లగా ఏదో తేలుతోంది. పుల్లతో లాగి చూస్తే తడి టిష్యూ. దాని వెనక ఇంకొకటి. తలెత్తి ఊట పైనున్న బండ చాటుకు చూసింది. ట్రెక్కింగ్ క్యాంపు వాళ్ల దొడ్డి గుడారం యాభై అడుగుల దూరంలోనే ఉంది. అయినా ఎవరో అంత దూరం నడవలేక ఇక్కడే కూర్చుని పోయారు. కొండ ఎక్కడానికి వచ్చిన కాళ్లు అవి.

"థూ" అంది. ఆ ఉమ్మి కూడా నీళ్లలో పడకుండా మొహం పక్కకి తిప్పుకుని మరీ ఉమ్మింది.

రెండు పుల్లలతో ఆ కాగితాలు ఏరి, గుంట తీసి పూడ్చి, మట్టితో చేతులు రుద్దుకుంది. తర్వాత ఇంకా పైకి, రాతిలోంచి నీళ్లు పుట్టే చోటికి పాక్కుంటూ వెళ్లి డబ్బా నింపుకొచ్చింది. ముప్పైమందికి టీ పెట్టాలి. ఆ ముప్పైమందిలోనే ఊట పైన కూర్చున్న మహానుభావుడూ ఉంటాడు. వాడికీ ఇవే శుభ్రమైన నీళ్లతో టీ పోసి, నవ్వుతూ అందించాలి. ఆమెకి అసలు రోత పుట్టేది అక్కడే.

వంట గుడారంలో హర్కూ పిండి కలుపుతున్నాడు. ఇరవై ఏళ్లుగా ఇలాంటి క్యాంపుల్లో వండుతున్న మనిషి. ఆమె మొహం చూడగానే అర్థమైపోయింది.

"మళ్లీనా వదినా?"

"మళ్లీనే. ఈసారి వాసన కాగితం. గులాబీ వాసన."

"పోనీలే, గొప్పింటి వాళ్లు. మన మేకలకి ఆ యోగం లేదు."

"మేక ఊట మీద వెయ్యదురా. దానికి సిగ్గుంది."

గఢ్వాల్‌లో ఆ వైపు, పుట్టిన నెలని బట్టి పిల్లకి పేరు పెట్టేస్తారు. జేఠ్ నెలలో, అంటే జ్యేష్ఠంలో పుట్టింది కనుక జేఠులి. ఇప్పుడు యాభైనాలుగేళ్లు. పుట్టింది ఊళ్లో కూడా కాదు. ఎలుగుకొండ మీద, పైపచ్చికలో, గొర్రెల దడి పక్కన. నెలలు నిండినా వాళ్లమ్మ మందతో పాటే పైకి వచ్చింది, రాకపోతే మందని చూసేవాళ్లు లేరు. బొడ్డు కోసింది ఉన్ని కత్తిరించే కత్తెరతో. ఈ మాట జేఠులి చెబితే క్యాంపుకి వచ్చే ఆడపిల్లలు "అయ్యో, ఎంత రొమాంటిక్" అంటారు. పురిట్లో తల్లి చచ్చిపోయినంత పనైన సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

నాన్న మోర్ సింగ్ దగ్గర ఆమె చదువుకున్న చదువల్లా రాళ్లే. ఆ కొండ మీద కాపరులకి ఒక రాత ఉంది. చదువురాని వాళ్లు రాసిన రాత. రాయి మీద రాయి నిలబెట్టి ఉంటే తిన్నగా పో. పక్కన ఇంకో చిన్న రాయి ఆనించి ఉంటే అటు తిరుగు. రాళ్ల పైన బల్లపరుపుగా తెల్లరాయి ఉంటే ఆగు, ముందు లోయ. ఇంతే. దీనితోనే అయిదు ఊళ్ల మందలు తరతరాలుగా ఎక్కి దిగాయి. ఎండగా ఉన్నప్పుడు రాళ్ల అవసరం ఎవరికీ లేదు. పొగమంచు దిగితే మాత్రం చాచిన చెయ్యి కూడా కనబడదు. అప్పుడు కాపరి నేల మీద చూపు పెట్టి, ఒక రాయి దగ్గర్నుంచి ఇంకో రాయి దగ్గరికి పోతాడు. ఆలోచించడు. అనుమానపడడు. పెట్టింది తనలాంటి వాడే కదా.

వసంతంలో మొదట ఎక్కిన మంద వాళ్లు, చలికాలపు మంచుకి కూలిన రాళ్లన్నీ సరిచేసుకుంటూ పోవాలి. అవసరం లేని చోట రాయి మీద రాయి పెట్టడం మహా తప్పు. ఏడేళ్ల వయసులో జేఠులి ఆడుకుంటూ ఒక బొమ్మరిల్లు కట్టింది. జీవితంలో నాన్న ఆమెని కొట్టింది ఆ ఒక్కసారే. కొట్టి, ప్రతి రాయినీ మళ్లీ దాని గుంటలోనే పెట్టించాడు, నాచు పైకి ఉండేలా.

పెళ్లయింది, భర్త రోడ్డు పనిలో కొండచరియ కింద పోయాడు. పచ్చిక మీద ఆంక్షలు పెరిగాక అత్తింటి మంద అమ్ముడుపోయింది. పుట్టింటి మంద మాత్రం తమ్ముడు ఖిలాప్ సింగ్ పట్టుబట్టి నిలుపుకున్నాడు. జేఠులి నాలుగేళ్ల కిందట క్యాంపులో చేరింది. గిన్నెలు తోమడం, నీళ్లు మొయ్యడం, దొడ్డి గుడారాలకి గుంటలు తవ్వడం, నిండాక పూడ్చడం. డెహ్రాడూన్ నుంచి వచ్చిన మేనేజరు వినీత్ ఆమెని "దీదీ" అని పిలుస్తాడు. ఎంతో మర్యాదగా అక్కా అని పిలుస్తూనే, పారలో ఎవరిది ఉందో చూడకుండా ఎత్తిపొయ్యమంటాడు.

క్యాంపు వాళ్లు కొండకి పేరు కూడా మార్చారు. రిఖ్యా డాండా అంటే ఎలుగుకొండ అని. ఆ పేరుకి జనం భయపడతారట. ఇప్పుడది "ఏంజెల్ పీక్". దారి మొదట్లో ఒక బోర్డు పాతారు. 1903లో విల్బీ దొర అనే ఆయన ఈ శిఖరం మీద కాలు మోపిన మొట్టమొదటి మానవుడని దాని మీద రాశారు. బోర్డు దగ్గర ప్రతి జట్టునీ ఆపి ఆ కథ చెప్పడం గైడు సోబన్ పని. సోబన్ జేఠులి భర్తకి అన్న కొడుకు. ఆ రోజు కూడా ఎండలో నిలబడి అప్పజెబుతున్నాడు.

"దట్టమైన మంచులో, ప్రాణాలకి తెగించి, దొర ఒంటరిగా..."

తోమిన పళ్లాల బుట్ట వీపున వేసుకుని పోతున్న జేఠులి ఆగింది. "ఒంటరిగానట్రా?"

సోబన్ గొంతు తగ్గించాడు. "పిన్నీ, నువ్వు పద."

"మా ముత్తాతని ఏం చేశావు? తినేశావా?"

గెస్టులు నవ్వారు. జట్టులో కళ్లద్దాల పెద్దాయన ఒకడు ముందుకు వచ్చి, "ఏమంటోంది ఆవిడ? చెప్పనివ్వండి" అన్నాడు.

జేఠులి బుట్ట దించలేదు. నిలబడే చెప్పింది. "ఆ దొర మూడో రోజుకే వాంతులు చేసుకుని పడిపోయాడు బాబూ. అప్పుడు మా ఊరి వాళ్లని వెట్టికి పట్టుకొచ్చారు. రానంటే ఇల్లు తగలబెడతారు. మా ముత్తాత భవాన్ సింగ్ ఆయన్ని వీపు బుట్టలో కూర్చోబెట్టుకుని పైదాకా మోశాడు. పైన కూడా ఆయన దిగలేదు. చలిగా ఉందన్నాడట. బుట్టలోంచే జెండా ఊపాడు. ఆయన కాలు నేలకి తగల్లేదు. ఆయన స్నానానికి రేకుతొట్టి కూడా మోశారు, అది వేరే ఇద్దరు. అందులో ఒకడు తిరిగి రాలేదు. వాడి పేరు ఏ బోర్డు మీదా లేదు. మాకు గుర్తుంది. రూపూ."

పెద్దాయన నవ్వడం మానేశాడు. మిగతా వాళ్లు ఫోన్లు పైకెత్తారు. ఆ సాయంత్రం వినీత్ ఆమెని పిలిచాడు.

"దీదీ, కథ చెప్పడం సోబన్ పని. నువ్వు గిన్నెలు చూసుకో."

"సరే సార్. కానీ ఆ బోర్డు అబద్ధం."

"అందంగా ఉంటే చాలు దీదీ. వాళ్లు సెలవు మీద వచ్చారు, కోర్టుకి కాదు."

ఇంతవరకైతే ఆమె ఓర్చుకునేదే. దొర సంగతి పాతది, చచ్చినవాళ్లు చచ్చారు. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది.

మూడేళ్లుగా గెస్టులకి ఒక కొత్త పిచ్చి పట్టింది. మనసులో ఏదో కోరుకుని రాయి మీద రాయి పేర్చడం. క్యాంపు నుంచి గంట నడకలో కొండ వెన్ను రెండుగా చీలే చోటు ఒకటుంది. ఎడమ వెన్ను ఊళ్లవైపు దిగుతుంది. కుడి వెన్ను రెండొందల అడుగులు పోయి ఉన్నట్టుండి లోయలోకి విరిగిపోతుంది. ఆ విరుగు అంచున నిలబడి ఫోటో తీసుకుంటే వెనకాల మంచుకొండలన్నీ వస్తాయి. అందుకని అందరూ రాళ్లు అక్కడే పేరుస్తారు. చీలిక దగ్గర్నుంచి లోయ అంచు దాకా, వరసగా, రాయి మీద రాయి. తిన్నగా పో, తిన్నగా పో, తిన్నగా పో.

కిందటి ఆశ్వయుజంలో గైణా సింగ్ తిన్నగా పోయాడు.

జేఠులికి పెదనాన్న వరస. డెబ్బైరెండేళ్లు. అరవై ఏళ్లుగా ఆ కొండ ఎక్కి దిగిన మనిషి. ఆ మధ్యాహ్నం పొగమంచులో మంద వెనకాల వస్తూ, చీలిక దగ్గర వరసగా రాళ్లు చూశాడు. పట్నం వాడయితే ఆ వరసని లెక్కచేసేవాడే కాదు. ఫోన్ తీసి చూసుకునేవాడు, భయపడి కూలబడేవాడు, ఎలాగో బతికేవాడు. గైణా సింగ్‌కి రాయి అంటే మనిషి మాట. ముందు మేకపోతు, దాని వెనక ముప్పై నాలుగు గొర్రెలు, వాటితో పాటే ఆయన.

శవాన్ని తియ్యడానికి వెళ్లిన వాళ్లలో జేఠులి ఉంది. లోయ అడుగున కంపు ముందు తగిలింది. క్యాంపు చెత్త అంతా ఏళ్లుగా ఆ అంచు మీంచే కిందకి తోస్తున్నారని అప్పుడు తెలిసింది. నూడుల్స్ పొట్లాలు, సీసాలు, గ్యాసు డబ్బాలు, పిల్లల డైపర్లు. చచ్చిన గొర్రెల నడుమ, ఆ కుప్పలో, పెదనాన్న బోర్లా పడి ఉన్నాడు. గడ్డానికి ఎవరో వాడి పారేసిన టిష్యూ అంటుకుని ఉంది. ముందు దాన్ని తీసింది. ఆ తర్వాతే ఏడ్చింది. ఇప్పటికీ ఆ గులాబీ వాసన వస్తే ఆమె మొహం తిప్పుకుంటుంది.

ఆ చావు గురించి సర్కారు కాగితం మీద ఏం రాశారో సోబన్ చదివి వినిపించాడు. వయసు పైబడిన కాపరి, మద్యం మత్తులో ఉండవచ్చు, దారి తప్పి.

"దారి తప్పాడట" అంది జేఠులి. "దారే తప్పింది. అది రాయరు."

ఈ ఏడు ఆశ్వయుజం మొదట్లో ఖిలాప్ ఫోన్ చేశాడు. పైపచ్చికలో ఒక్క బండ మీదే సిగ్నల్ దొరుకుతుంది. అది ఎక్కి అరిచినట్టు మాట్లాడతాడు.

"అక్కా, ఎల్లుండి దిగుతున్నా. గాలి మారింది. మంచు పడేలోపు వచ్చెయ్యాలి."

"చీలిక దగ్గర రాళ్లని నమ్మకు."

"మన రాయేదో వాళ్ల రాయేదో నాకు తెలీదా?"

"పెదనాన్నకి తెలీదా మరి?"

ఖిలాప్ అన్నాడు, "ఆయన పోయాకే కదా, వసంతంలో నేను కుడి వెన్ను మొదట్లో నాన్న తెల్లరాయిని మళ్లీ పైకెత్తి పెట్టింది. అది ఉంది. అది ఉన్నంతవరకు నాకేం భయం లేదు. మంచులోనైనా తెల్లగా మెరుస్తుంది." ఫోన్ తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె చీలిక దగ్గరికి ఎక్కింది. కుడి వెన్ను మీద నిరుటి కంటే రెండింతల రాళ్లు. కొన్నిటికి ప్లాస్టిక్ పూలు, ఒకదానికి చిన్న దిష్టిబొమ్మ. తెల్లరాయి ఉండాల్సిన చోట లేదు.

కిందకి దిగి వచ్చాక దొరికింది. క్యాంపు మధ్యలో, చలిమంట గుంట పక్కన, కోరికల రాళ్ల కుప్ప అని వినీత్ కట్టించిన దాని మీద, అన్నిటికన్నా పైన. మార్కరుతో దాని మీద గుండె బొమ్మ గీసి, రెండు పేర్లు రాసి ఉన్నాయి. అంచుకి ఎర్రటి గోళ్లరంగు.

జేఠులి దాన్ని ఎత్తుకుంది. ఒక అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. మొహంలో కోపం లేదు, కంగారు.

"ఆంటీ, అది మాది. ప్లీజ్. నిన్న మేం పెట్టింది."

"మీరు పెట్టలేదు తల్లీ. మీరు తీశారు."

"మా పెళ్లి కుదరాలని కోరుకున్నాం ఆంటీ. అది కింద పడితే..."

"ఇది లోయ ఉందని చెప్పే రాయి. మా నాన్న పెట్టాడు. ఎల్లుండి మా తమ్ముడు మందతో దిగుతాడు. ఇది అక్కడ లేకపోతే లోయలో పడతాడు. నీ పెళ్లికి ఇంకో రాయి చూసుకో."

ఆ అమ్మాయికి అర్థమైందో లేదో గానీ కళ్లనీళ్లు పెట్టుకుంది. జేఠులి జాలి పడబోయి మానుకుంది. ఆ గోళ్లరంగు చూస్తే జాలి రాలేదు.

వెళ్లేముందు వినీత్ దగ్గర నిలబడింది. "సార్, కుడి వెన్ను మీద రాళ్లన్నీ తీయించండి. నలుగురిని ఇస్తే పూటలో అయిపోతుంది."

"అవి మన ప్రకటన ఫోటోలో ఉన్నాయి దీదీ. వాటికోసమే వస్తారు కొందరు."

"పోయినేడు ఒక మనిషి పోయాడు."

"చాలా బాధపడ్డాం. అందుకే అక్కడ బోర్డు పెట్టిస్తున్నాం. 'జాగ్రత్త, లోయ' అని హిందీలో, ఇంగ్లీషులో."

"మంచులో బోర్డు ఎవరికి కనబడుతుంది సార్? కనబడినా మా వాళ్లలో చదివేదెవరు?"

"సోబన్ చదువుతాడుగా." తనే నవ్వాడు.

రాయి వీపున వేసుకుని పైకెక్కింది. నాన్న పెట్టిన చోటే పెట్టింది. తర్వాత కుడి వెన్ను మీద కూలగొట్టడం మొదలుపెట్టింది. కాలితో తన్నింది, చేత్తో తోసింది, ప్లాస్టిక్ పూలు ఏరి కొంగున కట్టుకుంది. వెలుతురు తగ్గేదాకా చేసినా సగం కూడా అవలేదు. ఫోటోల కోసం పైకి వచ్చిన గెస్టులు చూస్తున్నారు. ఒకతను కేకేశాడు, "ఇది విధ్వంసం." ఊట పైన కూర్చున్నవాడు వీడే అయి ఉంటాడని ఆమెకి ఎందుకో గట్టిగా అనిపించింది.

మర్నాడు పనిలోంచి కదలనివ్వలేదు. కొత్త జట్టు వచ్చింది. ఆ మూడో రోజు పొద్దున గుడారం తెర ఎత్తేసరికి పొగమంచు క్యాంపు మీదకి దిగిపోయి ఉంది. టీ కెటిల్ పట్టుకుని చలిమంట గుంట వైపు వెళ్తే, మంచులోంచి మొదట కనబడింది తెల్లరాయే. అదే కుప్ప మీద, అదే గుండె బొమ్మతో.

కెటిల్ నేల మీద పెట్టి సోబన్ కోసం వెతికింది. వాడు గుర్రపు జీను సర్దుతూ మొహం ఎత్తలేదు.

"నువ్వే తెచ్చావు కదూ."

"సార్ తెమ్మన్నాడు పిన్నీ. ఆ అమ్మాయి ఫిర్యాదు చేసిందట. ఒక్క రోజే అన్నాడు, వాళ్లు వెళ్లగానే మళ్లీ పెట్టేద్దామని."

"ఈ రోజు ఖిలాప్ దిగుతున్నాడు."

సోబన్ చేతులు ఆగిపోయాయి. "నాకు తెలీదు పిన్నీ. నిజంగా తెలీదు."

"గైణా పెదనాన్న కాగితం చదివింది నువ్వేగా. అదన్నా తెలుసుగా." తల తిప్పుకుని వంట గుడారంలోకి వెళ్లి ఒక పళ్లెం, గరిటె తీసుకుంది.

హర్కూ అడిగాడు, "ఎక్కడికి వదినా? ముప్పైమందికి టిఫిను."

"రాయి లేదు. నేను నిలబడతా."

"రాయి తీసుకుపోయి పెట్టొచ్చుగా?"

"పెడితే మళ్లీ వెనకే వస్తారు. నేను అక్కడే ఉండాలి. నన్నెవడూ ఎత్తుకుపోయి రంగు పుయ్యడు."

వినీత్ గుమ్మం దగ్గర అడ్డం వచ్చాడు. పళ్లెం వైపు చూశాడు. "దీదీ, ఇప్పుడు వెళ్తే మళ్లీ రాకు. నేను వేరే మనిషిని చూసుకుంటా."

"చూసుకోండి సార్. గుంటలు నిండాయి, ముందు అది చెప్పండి ఆ మనిషికి."

గంట నడక ఆ మంచులో రెండు గంటలు పట్టింది. ఆమె కూడా రాళ్లని చూడలేదు. పాదం కింద నేల వాలుని బట్టి, గాలి ఏ చెంపకి తగులుతోందో దాన్ని బట్టి ఎక్కింది. చీలిక దాటి కుడి వెన్ను మీదకి కొంచెం పోయి, లోయకీ దారికీ నడుమ కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. పళ్లెం మీద గరిటెతో కొట్టింది. ఆ ఎత్తుల్లో గట్టిగా చప్పుడు చెయ్యకూడదు, వనదేవతలకి గిట్టదు. కింద వాళ్లు స్పీకర్లు పెట్టి గెంతుతుంటే దేవతలకి ఎలా ఉంటుందో అని ఏటా బాధపడే మనిషి, ఈ రోజు తనే పళ్లెం మోగిస్తోంది. "తప్పయింది, తప్పయింది" అనుకుంటూనే కొట్టింది.

చేతులు మొద్దుబారాయి. చున్నీ తడిసి చెవులకి అతుక్కుంది. ఎంతసేపయిందో తెలీదు, మధ్యాహ్నం దాటి ఉంటుంది. అప్పుడు గంట వినబడింది. మేకపోతు మెడలోని గంట. అది ఎడమ వెన్ను మీదకి రావాలి. రాలేదు. ఎదురుగా, తన వైపే వస్తోంది.

"హోయ్, లే లే లే" అని కాపరి పిలుపు పిలిచి పళ్లెం బాదింది. మంచులోంచి కొమ్ములు బయటికి వచ్చాయి. మేకపోతు ఆమెని చూసి ఆగింది. వెనక గొర్రెలు తోసుకొస్తున్నాయి. గరిటెతో దాని మూతి మీద ఒకటి వేసింది. అది తల విదిలించి, మొండికేసి, చివరికి తిరిగింది. మంద అంతా దాని వెనక తిరగడానికి చాలాసేపు పట్టింది. ఒక గొర్రెపిల్ల ఆమె కాళ్ల మధ్య నుంచి జారబోతే బొచ్చు పట్టి లాగింది.

"ఎవరది? దారికి అడ్డం ఎవరు?" ఖిలాప్ గొంతు.

"నేనేరా."

"అక్కా? నువ్వేంటి ఇక్కడ? మందని ఎందుకు తిప్పుతున్నావు, ఇదే కదా దారి."

"ఇది లోయ."

అతను దగ్గరికి వచ్చాడు. గడ్డం నిండా మంచు. ఆమె చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపించి చూపించింది. అంచు కింద ఏమీ కనబడలేదు, ఉత్త తెలుపు. ఒక గులకరాయి వేసింది. ఎక్కడా తగిలిన చప్పుడు రాలేదు.

ఖిలాప్ అక్కడే కూర్చుండిపోయాడు. "తెల్లరాయి కనబడలేదు. లేదంటే చీలిక ఇంకా రాలేదు కాబోలు అనుకున్నా. రాళ్లు వరసగా ఉన్నాయి అక్కా. బాగా ఉన్నాయి."

"ఉంటాయి. ఢిల్లీ వాళ్లవి, ముంబై వాళ్లవి. ఒక్కోదాంట్లో ఒక్కో కోరిక."

"మరి నాన్న రాయి?"

"క్యాంపులో ఉంది. దాని మీద పేర్లు రాసుకున్నారు."

ఖిలాప్ లేచాడు. మొహం నల్లబడింది. "పద, తెచ్చి పెడదాం. ఈసారి సున్నం వేసి పాతుతా."

"వద్దు."

"వద్దంటావేంటి?"

"పాతినా తవ్వుకుపోతారు. వచ్చే ఏడు పై ఊరి వాడెవడో వస్తాడు. తెల్లరాయి కనబడదు. కనబడలేదు కాబట్టి లోయ ఇంకా దూరం అనుకుంటాడు. ఇప్పుడు నువ్వు అనుకున్నావు చూడు, అలాగే. మన రాత తెలిసినవాడే చస్తాడు ఖిలాప్. తెలియనివాడు బతుకుతాడు."

"అయితే?"

"మనవి కూడా తీసేద్దాం. చీలిక నుంచి ఊరి దాకా. ఒక్కటీ మిగలకూడదు. అయిదు ఊళ్లకీ చెప్పు, ఎలుగుకొండ మీద రాయిని నమ్మొద్దని."

ఖిలాప్ ఆమె మొహంలోకి చూశాడు. పిచ్చెక్కిందా అన్నట్టు. "నాన్న పెట్టినవి అక్కా. ఆయన తండ్రి పెట్టినవి. మంచులో మనవాళ్లు ఏం చేస్తారు?"

"ఆగుతారు. తేలేదాకా కూర్చుంటారు. గొర్రెలు చలికి చస్తే చస్తాయి. ఇద్దరు ముగ్గురు కలిసి దిగాలి, ముందొకడు కేకలు వేస్తూ నడవాలి. కష్టమే. నాకు మాత్రం తెలీదా?" ఆమె ఎడమ వెన్ను వైపు తిరిగింది. "నాకూ రోతగానే ఉంది. చెయ్యనా, నువ్వు చేస్తావా?"

అతను చెయ్యలేదు. ఆమే ఎడమ వెన్ను మీద మొదటి గుర్తు దగ్గరికి వెళ్లింది. నాచు పట్టి, ఒకదానికొకటి అతుక్కుపోయిన రెండు రాళ్లు. పైరాయి విడిపోవడానికి భుజంతో తొయ్యాల్సి వచ్చింది. విడిపోయిన చోట పొడిగా, లేతరంగులో, ఇన్నేళ్లుగా వాన తగలని రాతి మొహం బయటపడింది. ఆమె దాన్ని చూడలేక ముందుకు పోయింది. రెండో గుర్తు, మూడో గుర్తు. నాలుగో దాని దగ్గర ఖిలాప్ కూడా వచ్చి చెయ్యి వేశాడు.

క్యాంపు దగ్గరికి వచ్చేసరికి మంచు పలచబడింది. గొర్రెలు గుడారాల తాళ్ల నడుమ నుంచి, కుర్చీల నడుమ నుంచి పారాయి. గెస్టులు సంబరంగా బయటికి వచ్చి ఫోన్లు ఎత్తారు. టోపీ పెట్టుకున్న ఒకావిడ ఖిలాప్‌ని చూసి చేతులు ఊపుతూ ఏదో చెప్పింది.

"ఏమంటోంది?" అన్నాడు ఖిలాప్.

సోబన్ నేల చూస్తూ చెప్పాడు. "మందని ఒకసారి వెనక్కి తీసుకెళ్లి, మళ్లీ రమ్మంటోంది. వీడియో సరిగ్గా రాలేదట."

మేకపోతు చలిమంట గుంట పక్కన ఆగి, కోరికల కుప్ప మీద తీరిగ్గా ఉచ్చ పోసింది. తెల్లరాయి మీద గుండె బొమ్మ కొంచెం కారింది. ఎవరో కిసుక్కున నవ్వారు. హర్కూ గుడారంలోంచి తొంగి చూసి, "అదీ దాని కోరిక" అన్నాడు.

సోబన్ ఒక అడుగు ముందుకు వేశాడు. "పిన్నీ, రాయి తీసుకుపో. నేను సార్‌కి చెబుతా."

"ఉంచుకోండి. అది ఇంక ఉత్త రాయే."

వినీత్ దూరంగా ఫోన్‌లో మాట్లాడుతున్నాడు, కొత్త మనిషి కోసం కాబోలు. జేఠులి తన దుప్పటి, చెప్పుల జత మూట కట్టుకుంది. పళ్లెం, గరిటె తుడిచి హర్కూ చేతికిచ్చింది. కొంగున కట్టిన ప్లాస్టిక్ పూలు బోర్డు కింద, దొర పేరు దగ్గర పోసి, మంద వెనక నడిచింది.

కింద దేవదారు చెట్లు మొదలయ్యే చోట ఇంకో గుర్తు ఉంది. గాలికి పైరాయి పక్కకి ఒరిగింది. ముందు నడుస్తున్న ఖిలాప్ అలవాటు కొద్దీ వంగాడు. రాయి రెండు చేతుల్లోకి తీసుకుని సరిగ్గా నిలబెట్టబోయాడు. అప్పుడు గుర్తొచ్చింది. అలాగే వంగి, రాయి పట్టుకుని, వెనక వస్తున్న అక్కని చూశాడు.

"వదిలెయ్" అంది జేఠులి.

అతను వదల్లేదు. మంద ముందుకు పోతోంది, గంట చప్పుడు దూరమవుతోంది. ఆమె వచ్చి అతని చేతుల్లోంచి రాయి తీసుకుని, కింద ఉన్న రాయిని కాలితో పక్కకి దొర్లించి, రెండిటినీ రెండు వైపులా పొదల్లోకి విసిరింది. తర్వాత అతని చెయ్యి పట్టుకుని, గొర్రెల వెనకాల, నేల మీద చూపు పెట్టకుండా నడిపించింది.